ఫిలిప్ గారి మోకాలు

మా నర్సీపట్నం సంఘంలో ఇకమీదట ప్రార్థన విన్నపాలు నోటితో చెప్పనక్కరలేదని ఇందుమూలముగా తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. సంఘ కార్యదర్శిగా ఆ ఘనత నాదే. ఇంకెవరూ అనలేదు కనుక నేనే అంటున్నాను.

మా సంఘానికి ఒక ఫోన్ యాప్ ఉంది. విశాఖపట్నంలో దయాకర్ బాబు అనే ఇంజనీరు చేసి ఇచ్చాడు. అందులో ఆరాధన వేళలు, పుట్టినరోజులు ఉంటాయి. విన్నపాల పేజీ కూడా కావాలని ఏడాదిగా అడుగుతున్నాం. ఎలా ఉండాలో చెప్పమంటాడు, చెబితే అర్థం కాలేదంటాడు. ఈ రోజుల్లో చెప్పడమెందుకు? పదో తరగతి చదివిన నేను ఏఐని అడిగాను. టీ చల్లారేలోగా పేజీ తయారైంది. విన్నపం రాసి "పంపు" అని నొక్కితే చాలు, "మీ ప్రార్థన చేరింది" అని పచ్చగా వెలుగుతుంది. దయాకర్ బాబుకు చూపించడానికి చేసిన నమూనా అది. అంత అందమైనదాన్ని ఒక్కడికే చూపడం స్వార్థమనిపించి సంఘం వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను.

ఆదివారం అందులోని విన్నపాలు చదివాను. మొదటిది ఫిలిప్ గారి మోకాలి నొప్పి. సంఘమంతా మోకరించింది. సంఘ పెద్ద షాలేమ్‌రాజు గారు కన్నీళ్లతో ప్రార్థించారు.

"నాతవరం ఫిలిప్పు గారే కదండీ? పాపం, మెట్లెక్కలేక శానా ఇబ్బంది పడతన్నారు" అన్నారు బయటికొచ్చాక. మరో ఇద్దరు తాము వెళ్లి పరామర్శించి వచ్చామన్నారు.

మరుసటి ఆదివారానికి ఫిలిప్ గారి పేరు పక్కన "జవాబు దొరికింది" అని పడింది. కృతజ్ఞతాస్తుతులు చెల్లించాం. ఫిలిప్ గారు చెంగున ఆటో ఎక్కడం తాను కళ్లారా చూశానని షాలేమ్‌రాజు గారు సాక్ష్యం చెప్పారు.

ఆరాధన అయ్యాక కరుణకుమారి నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త తోమా విశాఖలో ఆసుపత్రిలో ఉన్నాడు.

"అన్నయ్య గారూ, మా ఆయన పేరు సదవలేదేటండీ? గురువారం ఆపరేషను. ఓ పాజిటివ్ రగతం కావాలని పోయిన వారమే రాసేను. సేరిందని పచ్చగా పడింది కూడానండి."

పేజీ అంతా వెతికాను. తోమా లేడు. దయాకర్ బాబుకు ఫోన్ చేశాను.

"మీరు చేసింది బొమ్మండీ. ముందు తలుపుంది, వెనకాల ఇల్లు లేదు. ఎవరేం రాసినా ఎక్కడికీ వెళ్లదు. ఆ ఫిలిప్పు కూడా ఏఐ ఊరికే నింపిన పేరు. వారం తిరిగేసరికి జవాబు దొరికినట్టు పడేలా పెట్టింది కూడా అదే."

ఈ లోపాన్ని సంఘం తీవ్రంగా పరిగణించింది. అత్యవసరంగా కమిటీ కూర్చుంది. ఫిలిప్ గారు లేరంటే షాలేమ్‌రాజు గారు ఒప్పుకోలేదు. "మరి నేను సూసిందెవర్నండీ?" అని గద్దించారు. ఆ అంశాన్ని వాయిదా వేశాం.

నేను వెంటనే రెండో నమూనా చేయించాను. అందులో "రక్తం ఇస్తాను" అని ఎర్ర బటన్. ఈసారి పేర్లు నిజంగానే నిలిచేలా దయాకర్ బాబు సరిచేశాడు. నాది ఓ పాజిటివ్ కనుక మొదట నేనే నొక్కాను. సాయంత్రానికి సంఘంలో సగంమంది నొక్కారు. ఆ రక్తం గ్రూపు కానివారు కూడా ప్రేమ కొద్దీ నొక్కారు. ఇంతటి ఐక్యత నేనెన్నడూ చూడలేదు.

బుధవారం కరుణకుమారి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. "బటన్ నొక్కినోళ్లు ఏ బస్సుకొత్తన్నారండీ?"

సహేతుకమైన ప్రశ్న. బస్సు వివరాలకు గడి పెట్టడం మరిచాం. మూడో నమూనాలో అది చేర్చమని ఏఐకి చెబుతుండగా, మా ఆవిడ సారా సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏటండీ, మీదీ నాదీ ఒకటే రగతం కదా? రారేటి?"

"నువ్వు పద. ఈ గడి ఒక్కటీ అయిపోతే బేగి వచ్చేత్తాను" అన్నాను.

దేవుడి దయవల్ల తోమా ఆపరేషన్ అనుకున్నట్టే జరిగింది. రక్తమిచ్చింది సారా, ఇంకా పక్క మంచం రోగికి తోడుగా కొండ మీద నుంచి వచ్చిన సింగన్న. ఇద్దరూ బటన్ నొక్కలేదు కనుక దాతల పేజీలో వారి పేర్లు లేవు.

ఆదివారం సంఘం ఎదుట ఆ పేజీనే చదివాను. మొదటి పేరు నాదే. చప్పట్లు మోగాయి. తర్వాత, ఇది చదువుతున్న మీ పేరు వచ్చినప్పుడు మీరు తల వంచుకున్నారు. వినయం కాబోలనుకుని నేనూ వంచుకున్నాను.