ముగ్గురికీ ఓనమాలే

వేసవి సెలవులిచ్చిన మర్నాడే దేవరకొండలో తాలూకా కచేరీ గుమాస్తా రామచంద్రం ఇంట్లో బడి పెట్టాడు. ముగ్గురు పిల్లల్నీ అరుగు మీద కూర్చోబెట్టి, నాలుగో పలక తాను పట్టుకున్నాడు.

"ఎక్కడికెల్లి మొదలువెడ్తవ్?" అంది భార్య నర్సింగమ్మ. "మంజులత నాలుగు పాసయింది. సైదులుకు గుణింతాలు రావు. చిన్నది అండాలైతే ఇంకా పలకనే ముట్టలే."

"ముగ్గురికీ ఓనమాలే. పునాది గట్టిగుండాలె."

పునాది లేనిది ఆయనకే. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివి గుమాస్తా అయ్యాడు. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాదు. ఇక మీదట కచేరీలో తెలుగులోనే రాయాలని హుకుం వచ్చింది. తనకు రాయడం వచ్చునని అధికారితో బొంకాడు, భార్యతోనూ బొంకాడు. పాపం, ఇంకెవర్ని అడుగుతాడు? పిల్లల చాటున తానూ నేర్చుకుందామనుకున్నాడు.

"నాకొస్తయి బాపూ!" అని మంజులత మొదటిరోజు ఏడ్చింది.

"వస్తే రాయి. నేను సూస్త," అన్నాడు. చూడటం నిజమే, చూసి తన పలక మీద దించుకున్నాడు. మూడోనాటి నుంచి ఆ పిల్ల కిక్కురుమనకుండా అక్షరాలు దిద్దసాగింది.

పక్కింటి యాదమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏందే నర్సింగమ్మా, పెద్దపిల్లకు మళ్ల ఓనమాలా? మర్సిపోయిందా ఏంది?"

నర్సింగమ్మ ఆ మాట పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. "నీకు రావా బిడ్డా?" అని కూతుర్ని అడిగింది. మంజులత తండ్రి వంక చూసి తల దించుకుంది. అంతే! ఉగాది నాటి జ్వరం తలకెక్కి పిల్ల చదువును తినేసిందని తల్లి ఖాయం చేసుకుంది. మిరపకాయలతో దిష్టి తీసింది, దర్గాలో తాయెత్తు కట్టించింది, నెత్తిన ఆముదం పోసింది. ఒక్క మాట చెబితే అన్నీ ఆగిపోయేవి. రామచంద్రానికి ఆ మాటే గొంతు దాటలేదు.

బడి తెరిచిన రోజు ఆయన కచేరీలో ఉండగా నర్సింగమ్మే పిల్లల్ని తీసుకెళ్లింది. "సారూ, పెద్దదానికి అచ్చరం ముక్క యాదికి లేదు. జర ఒకట్ల కూసోవెట్టుండ్రి," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పంతులు పదేళ్ల మంజులతను ఒకటో తరగతిలో ఐదేళ్ల అండాలు పక్కన కూర్చోబెట్టాడు. పిల్లలంతా నవ్వారు.

ఆ సంగతి విని రామచంద్రం రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి కూతురి చెయ్యి పట్టుకుని బడికి పరుగెత్తాడు.

"పిల్లకు అన్నీ వస్తయి సారూ. ఐదుల కూసోవెట్టుండ్రి."

"తల్లి ఒకటంటది, తండ్రి ఐదంటడు! తెలుగుల ఒక అర్జీ రాసియ్యుండ్రి," అని పంతులు కాగితం జరిపాడు.

రామచంద్రం కలం అందుకున్నాడు. రాదంటే పరువు పోతుంది, రాయకపోతే పిల్లకు ఏడాది పోతుంది. "సారూ, నాకు..." అని చివరికి నోరు తెరిచాడు.

"బాపు చెయ్యి బెణికింది సార్. నేను రాస్త," అని మంజులత కలం లాక్కుంది. అర్జీ అంతా ఆగకుండా రాసిచ్చింది. పంతులు రెండుసార్లు చదివాడు. ఒక్క తప్పు లేదు.

"పో, ఐదులకు," అన్నాడు.

గుమ్మం దాటాక రామచంద్రం మెల్లగా అడిగాడు: "నాకు రాదని నీకెట్ల తెల్సు బిడ్డా?"

"మూడోనాడు కావాల్నని తప్పు రాసిన బాపూ. నువ్వు గూడ గట్లనే దించినవ్."

ఆయనకు ఏడుపొచ్చింది. ఒకటో తరగతిలో అంతమంది నవ్వుతున్నా ఆ పిల్ల తన గుట్టు విప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటి బడిలో పంతులు మారాడు: అరుగు మీద మంజులత ఎదురుగా రామచంద్రం పలక పట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలని ఈసారి ఎవరూ అడగలేదు.