బయూమీ గుడ్డ బిగించిన బల్ల

మంగళవారం పొద్దున్నే బయూమీ ఉడికిన చిక్కుడుగింజల ముద్దలో రొట్టెముక్క ముంచి, నోటిదాకా తెచ్చి ఆపాడు.

"గురువారం కైరో పోదాం. కాసినోకి. మనిద్దరం," అన్నాడు.

భార్య బహీజా పొయ్యి దగ్గర ఉంది. సరిగ్గా అప్పుడే టీ కెటిల్ ఈల వేసింది. ఆ ఈలలో చివరి మాట కలిసిపోయింది. మళ్ళీ చెప్పించుకుందామంటే బయూమీ అప్పటికే రొట్టె నమలడం మొదలుపెట్టాడు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పే అలవాటు అతనికి లేదు. మొదటిసారి చెప్పడమే అరుదు.

వాళ్ళుండే దుమ్యాత్ ఊళ్ళో కాసినో అంటే నైలు ఒడ్డున ఒక పందిరి. దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, టీ, ఉప్పేసి వేయించిన గింజలు. సాయంత్రమైతే జనం పిల్లాజెల్లాతో వెళ్ళి కూర్చుంటారు. పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేదీ అక్కడే. బహీజా సిరియా నుంచి కోడలుగా వచ్చిన మనిషి. ఆమె పుట్టిన లతాకియాలోనూ ఆ మాటకు అదే అర్థం. డబ్బు పెట్టి జూదమాడే కాసినోలు వేరే ఉంటాయని ఆమె ఎన్నడూ వినలేదు. బయూమీ తలలో మాత్రం ఏడాదిగా ఆ రెండో రకమే తిరుగుతోంది.

అతను కుర్చీలకూ సోఫాలకూ గుడ్డ బిగించే పనివాడు. చెయ్యి మంచిది. కానీ ఎంత బాగా బిగించినా ఆ గుడ్డ మీద జనం కూర్చునేవారు. అంటే అతని పనితనానికి జనం ఎప్పుడూ వెనకభాగమే చూపించారు. దాని గురించి అతనికి బాధ లేదు. ఇంకోలా ఉండొచ్చని తెలియదు కనుక.

పోయిన ఏడాది కైరోలో నదిపక్క హోటల్ వాళ్ళు ఒక జూదం బల్ల పంపించారు. దాని మీద ఆకుపచ్చ ఉన్నిగుడ్డ వెయ్యాలి. బయూమీ ఒక్క ముడత లేకుండా లాగి, మూలలు మడిచి, అడుగున మేకులు కొట్టాడు. లారీ వచ్చి బల్లను తీసుకుపోయింది. అది మలుపు తిరిగాక అతనికి తట్టింది. ఆ గుడ్డ మీద ఎవరూ కూర్చోరు. దానివైపు మొహం పెట్టి చూస్తారు. ఊపిరి బిగబట్టి మరీ చూస్తారు.

అప్పటినుంచీ కొట్లో మేకు కొడుతూ కొడుతూ ఆగిపోయేవాడు. కళ్ళ ముందు నైలు మీద పొద్దుటి మంచు ఉండేది. ఆ మంచులోంచి బల్ల పడవలాగా మెల్లగా తేలుతూ వచ్చేది. చుట్టూ జనం వంగి నిలబడేవారు. పొలం గట్టున నిలుచున్నవాళ్ళ మీద పైరు రంగు పడ్డట్టు వాళ్ళ మొహాల మీద ఆ పచ్చదనం పడేది. ఆ జనంలో బహీజా కూడా ఉండేది. అంతలో ఎవరో కుర్చీ తెచ్చి నేల మీద ధబీమని పెట్టేవారు.

ఆ బల్లను ఒక్కసారి చూడాలి. బహీజా పక్కనుండగా చూడాలి. అతని కోరిక అంతే. లోపల ఆమె తెల్లమొహం వేస్తే బాగుండదని, ఆ సాయంత్రమే జూదం నేర్పడానికి కూర్చున్నాడు. గుండ్రటి పళ్ళెంలో ఒక శనగగింజ వేసి తిప్పాడు.

"ఇది బంతి," అన్నాడు.

"శనగ," అంది బహీజా.

"ఏ అంకె దగ్గర ఆగుతుందో ముందే చెప్పాలి."

"నా వైపే ఆగుతుంది. పళ్ళెం ఇటు సొట్టబోయింది."

శనగ ఆమె వైపే ఆగింది. ఆమె తీసి నోట్లో వేసుకుంది. బయూమీ ఇంకొకటి తీశాడు.

"ఓడిపోయినా మొహం మాడ్చుకోకూడదు. నవ్వి ఊరుకోవాలి."

బహీజాకు ఇప్పుడు అర్థమైంది. టీ పందిళ్ళ కింద మగవాళ్ళు పాచికలాడతారు. ఓడినవాడు అందరికీ టీ ఇప్పిస్తాడు. దీనికింత ఉపోద్ఘాతం ఎందుకో ఆమెకు తెలియలేదు.

"పాచికలాటేగా? నాకు రాదు గానీ, మీ చెల్లెలు దౌలత్‌కి బాగా వచ్చు. కాకపోతే ఓడిపోతే బల్ల తిరగేస్తుంది. పిలవనా?"

బయూమీకి అందులో బల్ల అన్న మాటే వినపడింది. అది వినపడగానే మంచులోంచి పచ్చగా తేలి వచ్చింది. కళ్ళు సగం మూసి, "ఊఁ," అన్నాడు.

దౌలత్‌ను పిలవడమంటే ఒక్క మనిషిని పిలవడం కాదు. ఆమె విన్న వెంటనే నడుం బిగించింది. బయూమీ కూతురు రావియాకు ఒక సంబంధం వచ్చి నానుతోంది. పిల్లవాడి తల్లి ఇన్‌షిరాహ్ మక్కా వెళ్ళొచ్చిన మనిషి, అందరూ హగ్గా అంటారు. గట్టి మనిషి. ఏ ఇంట్లో టీ తాగినా చక్కెర గురించి ఒక మాట అనందే లేవదు.

"కైరో కాసినో అంటే మాటలా వదినా!" అంది దౌలత్. "హగ్గాని కూడా తీసుకెళ్దాం. నీళ్ళ పక్కన గాలికి కూర్చుంటే ఎంతటి మనిషైనా మెత్తబడుతుంది. అన్నయ్యని అడుగు."

బహీజా కొట్టుకు వెళ్ళి అడిగింది. బయూమీ నోట్లో మేకులు పెట్టుకుని ఉన్నాడు. తల ఊపాడు. గుడ్డ బాగా బిగిసిందా అని చూసుకుంటూ ఊపిన ఊపు అది.

గురువారం పొద్దున అతను గడ్డం గీసుకుని, ఉన్న ఒక్క కోటూ తొడుక్కుని మెట్లు దిగాడు. వాకిట్లో చిన్న బస్సు ఆగి ఉంది. కిటికీల్లోంచి దౌలత్, ఆమె భర్త, రావియా, ఆ పిల్లవాడు కనపడ్డారు. ముందుసీట్లో హగ్గా ఇన్‌షిరాహ్, ఒళ్ళో గిన్నె, గిన్నెలో బియ్యం కూరిన బాతు.

"రావయ్యా బయూమీ! కాసినోకి పిలిచినవాడివి నువ్వే ఆలస్యమైతే ఎలా?" అంది హగ్గా. "నా కొడుకుని కాసినోకి రమ్మని పిలిచిన మర్యాదస్తుడు ఇంతవరకూ లేడు. సంతోషం."

బయూమీ నోరు తెరిచాడు. లోపల మాటలు చాలా ఉన్నాయి. ఏది ముందు రావాలో వాటిల్లో వాటికి తేలలేదు. నోరు మూసుకుని బస్సెక్కాడు.

దారిలో బస్సు టీకి ఆగినప్పుడు చెల్లెల్ని పక్కకు పిలిచాడు.

"దౌలత్, అక్కడ జూదం ఆడతారు."

"తెలుసులే అన్నయ్యా. మీ బావ మాత్రం? పోయినవారం రెండు గ్లాసుల టీ పోగొట్టుకున్నాడు."

బయూమీ తిరిగి బస్సెక్కాడు. మిగిలిన దారంతా వరిపొలాలు పోతూ ఉన్నాయి, కాలవలు పోతూ ఉన్నాయి, వాటి పక్కన కొంగలు కదలకుండా నిలబడి ఉన్నాయి. బయూమీ కిటికీకి తల ఆనించి, ఆ పచ్చ అంతా ఒకే గుడ్డ అనీ, ఎవరో చివరలు పట్టుకుని లాగుతున్నారనీ అనుకుంటూ కూర్చున్నాడు.

హోటల్‌కు చేరేసరికి ఎండ మెత్తబడింది. కాసినో తలుపు దగ్గర నల్లకోటు మనిషి నిలబడి ఉన్నాడు. అందరూ బిలబిలా దిగి వరసకట్టారు. హగ్గా గిన్నెతో ముందు నిలబడింది.

"పాస్‌పోర్టులు చూపించండమ్మా," అన్నాడు నల్లకోటు.

"టీ తాగడానికి పాస్‌పోర్టా! కైరో వాళ్ళ వేషాలు వింటాను గానీ చూడ్డం ఇదే."

"ఇక్కడ టీ కాదమ్మా. జూదం. విదేశీయులకే. ఈజిప్టు వాళ్ళకి ప్రవేశం లేదు. ఆ గిన్నెలో ఏమిటి?"

"బాతు."

"బాతుకీ లేదు."

హగ్గా మెల్లగా వెనక్కి తిరిగింది. ఆమె అంత మెల్లగా తిరగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"పెళ్ళి మాటలకని పిలిచి నా కొడుకుని జూదానికి తెచ్చావా బయూమీ?"

రావియా మొహం పాలిపోయింది. బహీజా భర్త వైపు చూసింది. అందరూ అతని వైపే చూశారు. ఇంతమంది ఒక్కసారిగా తన మాట కోసం ఆగడం అతనికి కొత్త.

"నేను గుడ్డ బిగించిన బల్ల ఉంది లోపల," అన్నాడు. "ఒకసారి చూద్దామని. నేనూ ఇదీ. కుర్చీల మీద కూర్చుంటారు. దాన్నైతే మొహం పెట్టి చూస్తారు. అది చూడాలని. అంతే. ఆటకి కాదు. మిమ్మల్నెవర్నీ నేను పిలవలేదు."

హగ్గా గిన్నెను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"అన్నయ్యా," అంది దౌలత్, "ఈ ముక్క మంగళవారం చెప్పుంటే ఆ బాతు బతికేదిగా."

అప్పుడు బహీజా చేతిసంచి తెరిచి తన పాస్‌పోర్టు తీసింది. దారిలో పోలీసులు అడిగితే చూపించాలని బయటికొస్తే ఆమె దగ్గర ఉండేదే. ఆమె ఇప్పటికీ సిరియా మనిషే, కాగితాల లెక్కన. నల్లకోటు దాన్ని తిప్పి చూసి, అడ్డం కట్టిన తాడు విప్పాడు.

"తమరు వెళ్ళొచ్చు మేడమ్."

"ఆయన?"

"ఆయన ఈజిప్టు వారు."

"బల్ల ఆయన చేతిపని."

"బల్లకి ప్రవేశం ఉంది మేడమ్. ఆయనకి లేదు."

బహీజా భర్త దగ్గరికి వచ్చింది. "నేనొక్కదాన్నీ వెళ్ళి ఏం చేసేది? నాకేం తెలుసు ఆ ఆట?"

"వెళ్ళు," అన్నాడు బయూమీ. "మూలలు చూడు. ముడతేమైనా ఉందేమో చూడు. జనం ఎట్లా చూస్తున్నారో చూసి రా."

బహీజా అడుగు వేసేలోపు హగ్గా ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. అరచేతిలో ఒక నోటు మడిచి పెట్టింది.

"ఇది పాపం. చచ్చినా నేనొప్పుకోను," అని గుసగుసలాడింది. "పంతొమ్మిది మీద పెట్టు."

మిగిలినవాళ్ళు నది గట్టున గోడ మీద వరసగా కూర్చుని బాతు తిన్నారు. బయూమీకి తినబుద్ధి కాలేదు. పొద్దు గుంకుతోంది. హోటల్ మీద ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. వాటి వెలుగు నీళ్ళ మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా పరుచుకుంది. పడవ పోయినప్పుడల్లా అందులో ముడత పడేది. అతని వేళ్ళు ఒళ్ళోనే కదిలేవి, ముడత సరిచేస్తున్నట్టు. నది తనంతట తాను మళ్ళీ నునుపయ్యేది. ఇంత మంచి పనివాణ్ణి తాను చూడలేదనుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. నల్లకోటు మనిషి, ఇంకో ఇద్దరు నల్లకోట్లు, వాళ్ళ నడుమ బహీజా బయటికొచ్చారు. ఆమె తలగుడ్డ పక్కకు జారింది. మోకాళ్ళ దగ్గర దుమ్ము.

"ఈవిడ మీ తాలూకేనా?"

"నా భార్య."

"బల్ల కింద దొరికారు."

బయూమీ లేచి నిలబడ్డాడు. "ఏ బల్ల?"

"ఏ బల్లయితే ఏమిటయ్యా! బంతి తిరుగుతుంటే అందరూ బంతిని చూస్తారు. ఈవిడ గుడ్డని చూస్తున్నారు. చేత్తో తడిమారు. తర్వాత కిందికి దూరారు. ఇట్లాంటి మోసం మేమింతవరకూ చూళ్ళేదు. ఏం మోసమో కూడా తెలీడం లేదు. దయచేసి తీసుకెళ్ళండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. బహీజా గోడ మీద కూర్చుని తలగుడ్డ సర్దుకుంది.

"మేకు ఒక్కటి కదల్లేదు," అంది. "మూలలు నువ్వెట్లా మడిచావో అట్లాగే ఉన్నాయి. నాలుగూ చూశా. నాలుగోది చూస్తుంటేనే కాళ్ళు పట్టుకు లాగారు."

"జనం?" అన్నాడు బయూమీ.

ఆమె మోకాళ్ళ దుమ్ము దులుపుకుంది. "నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి రావియా నాన్నా. ఎవరూ చూడలేదు. అందరికీ ఆ బంతే."

బయూమీ నీళ్ళవైపు తిరిగాడు. పడవ ఒకటి పోతోంది.

"అట్లా మొహం తిప్పుకోకు, పూర్తిగా విను. గెలిచినవాళ్ళు చూడలేదు. ఓడినవాళ్ళు చూశారు. ఓడిన ప్రతివాడూ తలొంచుకుని నీ గుడ్డకేసే చూశాడు. ఇంకెక్కడా చూడలేక. ఒక పెద్దమనిషి లేచేముందు దాన్ని చేత్తో ఇలా నిమిరాడు కూడా, పిల్ల తల నిమిరినట్టు."

"చాలాసేపు చూస్తారా?"

"చాలాసేపు. పైగా అక్కడ ఓడిపోనివాడెవడు? ఒకడు లేస్తే ఇంకొకడు."

బయూమీ నవ్వాడు. గోడ మీద ఆమె పక్కనే కూర్చుని, బాతు ఏమైనా మిగిలిందా అని అడిగాడు. మిగల్లేదు.

హగ్గా చాలాసేపు గొంతు సవరించుకుంది. "ఊరికే అడుగుతున్నా వదినా. ఆ బంతి చివరికి ఎక్కడాగింది?"

"మీ దాని పక్కదాకా వచ్చింది వదినగారూ. వచ్చి దాటిపోయింది."

హగ్గా గిన్నె మూత గట్టిగా బిగించింది. తిరుగుదారిలో బహీజాను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. దుమ్యాత్ చేరేలోపు పిల్లను చేసుకుంటామని మాట ఇచ్చింది. పెళ్ళికి వచ్చే నెల పంతొమ్మిదో తారీకు అందరికీ వీలుగా ఉంది గానీ, ఆ అంకెకు నిలకడ లేదని చెప్పి హగ్గా ఆ రోజుకు ఒప్పుకోలేదు.