నీళ్ళెక్కువైన రోజ్‌మేరీ

ఆ శనివారం పొద్దున గ్వాల్తియేరో వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం బస్సుకు అత్తగారు ఇల్దా దిగేలోపు, మెట్ల పక్కనున్న రోజ్‌మేరీ పొదలో ఇంకా ప్రాణమున్న కొమ్మలు కోసి, వేళ్ళు రావడానికి నీళ్ళలో పెట్టాలి. ఆవిడ చెల్లెలి ఊరికి వెళ్తూ ఆ పొదను అతనికే అప్పగించింది. మామగారు తన పెళ్ళయిన ఏడాది స్వయంగా నాటిన మొక్క. భయంకొద్దీ అతను రెండుపూటలా నీళ్ళు పోశాడు. వారం తిరిగేసరికి ఆకులు గోధుమరంగుకు తిరిగాయి, వేళ్ళు వాసన కొట్టాయి.

గోడ అవతల పొరుగింటి పల్మీరా బట్టలారేస్తోంది.

"ఏం బాబూ, ముఖం అలా ఉంది? మీ అత్తగారు కనబడి వారమైంది."

పొద వంకే చూస్తున్న గ్వాల్తియేరోకు అందులో సగమే వినబడింది. ఆవిడ మొక్క సంగతే అడిగిందనుకున్నాడు.

"పోయిందండీ. నా చేతులతో నేనే చంపాను."

పల్మీరా చేతిలోని తడి దుప్పటి జారిపోయింది. "ఎలా?"

"నీళ్ళు ఎక్కువై. నేను చూసుకునేసరికి కిందంతా కుళ్ళిపోయింది."

"మీ ఆవిడకి తెలుసా?"

"నీవెస్‌కా? చెప్పకండి, మీకు పుణ్యముంటుంది. తను డ్యూటీ నుంచి వచ్చేలోపు బాగున్న ముక్కలు కోసి దాచేస్తాను."

పల్మీరా ఇంట్లోకి పరుగెత్తింది. కత్తెర తేవడానికి వెళ్ళిందనుకుని అతను కాసేపు చూశాడు. రాకపోయేసరికి తన వంటింటి కత్తెరే తీసుకున్నాడు. పూత లేని లేత చివర్లను వేలెడేసి పొడవున కోశాడు. కింది ఆకులు దూసి, నీళ్ళ గ్లాసుల్లో నిలబెట్టాడు. కుళ్ళిన మొదలును పెకలించి పాత దుప్పట్లో చుట్టాడు. మధ్యాహ్నానికి దాన్ని కొట్టంలోకి ఈడుస్తుండగా ఠాణా అధికారి బెర్తోలా గేటు తోసుకుని వచ్చాడు. వెనక చర్చి ఫాదర్, ఆయన వెనక పల్మీరా.

"ఎక్కడుంది?" అన్నాడు బెర్తోలా.

గ్వాల్తియేరో దుప్పటి వదిలేశాడు. మొక్క పోతే పోలీసులు వస్తారని అతనికి తెలియదు.

"సగం ఈ దుప్పట్లో ఉంది సార్. సగం వంటింట్లో, గ్లాసుల్లో."

బెర్తోలా మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. "గ్లాసుల్లోనా?"

"వేళ్ళు వస్తాయేమోనని ఆశ."

ఫాదర్ కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టాడు. బెర్తోలా దుప్పటి అంచు దాకా చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు. ఇంతలో గేటు దగ్గర సంచీ దించిన చప్పుడైంది. ఇల్దా.

పల్మీరా ఫాదర్ చెయ్యి పట్టుకుంది.

"మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను," అంది ఇల్దా. "పల్మీరా మా చెల్లెలింటికి ఫోన్ చేసి, నేను పోయానని నాకే చెప్పింది. నా గొంతు విని మా చెల్లెలనుకుంది."

బెర్తోలా లేచి దుప్పటి విప్పాడు. మట్టి, ఎండు కొమ్మలు బయటపడ్డాయి. ఆయన ఒక కొమ్మ తీసి వాసన చూశాడు.

"అత్తయ్యా, మామగారి మొక్క..." గ్వాల్తియేరో తల దించుకున్నాడు.

"అదా? మెట్లెక్కిన ప్రతిసారీ గౌను పట్టుకు లాగేది. నువ్వూ నీవెసూ బాధపడతారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను." ఇల్దా పల్మీరా వైపు తిరిగింది. "ఫోన్లో ఎంత ఏడ్చావో. ఆపబుద్ధి కాలేదు. నేనెంత మంచిదాన్నో అప్పుడు చెప్పావు కదా, అదంతా మా అల్లుడికి ఒకసారి చెప్పు."

పల్మీరాకు ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.