నెత్తళ్ళ మధ్య పన్ను

ఆ రోజు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. బేబీ పొద్దున్నే తయారై, నాన్నతో ఒక్కసారి ఇంటర్వ్యూ సాధన చేసి, టిఫిను తిని, మధ్యాహ్నానికల్లా భోగాపురం చేరుకోవాలి. కొత్త విమానాశ్రయంలో ప్రయాణికులకు దారి చెప్పే కౌంటరు ఉద్యోగం. ప్రకటనలో చదువు గురించి ఏదో ఒక ముక్క రాసి ఊరుకున్నారు గానీ, "చక్కని చిరునవ్వు తప్పనిసరి" అన్న మాట మాత్రం లావు అక్షరాల్లో వేశారు. కళింగపట్నంలో ఆ మాట విన్నవాళ్ళందరికీ బేబీయే గుర్తొచ్చింది. ఆ పిల్ల నవ్వు అలాంటిది మరి. ఈ ఉద్యోగం రాకపోతే మేనమామ ఎరువుల కొట్లో బిల్లులు రాస్తానని ఆమె ఇంట్లో మాట ఇచ్చేసింది. ఆ కొట్టు తలుచుకుంటేనే ఆమెకు తుమ్ములొచ్చేవి.

ఆమె తండ్రి సత్యానందం రిటైరైన బస్సు కండక్టరు. చర్చిలో పాస్టరుగారు "క్లుప్తంగా ప్రార్థన చేయండి" అంటే, అందులో "క్లుప్తంగా" ఒక్కటి వదిలేసి మిగతాదంతా పాటించే మనిషి. ప్రయాణికులతో ఎలా మాట్లాడాలో తనకు తెలిసినట్టు జిల్లాలో ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

"పొద్దున్నే ఆ నాటకాలేటండీ? అమ్మాయిని నిమ్మళంగా ఎల్లనివ్వండి," అంది వంటింట్లోంచి భార్య లీలారాణి.

"నీకేటి తెలుసు? తలుపు కొట్టడంలోనే సగం ఉద్యోగం ఉన్నాది. బేబీ, నువ్వు బయటికెళ్ళి తలుపు కొట్టు. నాను లోపల ఆఫీసర్ని."

బేబీ బయట నిలబడి తలుపు కొట్టింది. "కమిన్!" అన్నాడు ఆఫీసరు. తలుపు తెరుచుకోలేదు. నాటకం సహజంగా ఉండాలని ఆయనే కింద గడియ వేసి మరిచిపోయాడు. "ఉండమ్మా, తీస్తన్నాను," అంటూ వంగి గడియ లాగాడు. ఆ మాట బయటికి వినపడలేదు. వానకు ఉబ్బిన తలుపు ఎలాగూ బిగుసుకుంటుందని బేబీ సరిగ్గా అప్పుడే భుజంతో బలంగా తోసింది. తలుపు విసురుగా తెరుచుకుని, లోపల దేనికో ఠపీమని తగిలి, వెళ్ళినంత వేగంగానూ తిరిగొచ్చి బేబీ మూతికి కొట్టింది. లోపల దేనికి తగిలిందని ఎవరూ అడగలేదు. బేబీ నోటినిండా రక్తం చూశాక ఎవరికి తీరిక?

"ఓలమ్మో! నా పన్ను!" అంది బేబీ అద్దంలో చూసుకుని. పైవరసలో ముందు పన్ను ఉండాల్సిన చోట సందు ఉంది.

సత్యానందం తువ్వాలు మూతికి అదుముకుని, కళ్ళనిండా నీళ్ళతో బయటికొచ్చాడు.

"సెప్తే విన్నారా? ఇప్పుడు మూతి మూసుకుంటే లాభమేటి?" అని విరుచుకుపడింది లీలారాణి.

"ఊఁ," అన్నాడాయన. పెళ్ళైన నాటినుంచీ ఆయన ఒక్క అక్షరంతో సరిపెట్టిన జవాబు అదే. పశ్చాత్తాపంతో మనిషి మూగబోయాడనుకుని లీలారాణి కాస్త తగ్గింది. వెంటనే శ్రీకాకుళంలోని పళ్ళ డాక్టరు అనూరాధకు ఫోను చేసింది.

"ఊడిన పన్నుని తుడవకండి. వేరుని ముట్టుకోకుండా పట్టుకుని పాలల్లో వేసి, వెంటనే తీసుకొచ్చేయండి. బేగి తెస్తే మళ్ళీ అక్కడే పెట్టొచ్చు," అంది డాక్టరు.

లీలారాణి గ్లాసులో పాలు పోసుకొచ్చింది. గుమ్మం దగ్గర నేలంతా వెతికింది. "పన్నేదీ?"

"ఇసిరీసినాను," అంది అత్తగారు దానమ్మ, చేతులు దులుపుకుంటూ.

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి, ఇంటి మీదికి. గుమ్మంలో పడుంటే తీసి ఇసిరీసినాను. కొత్తది మొలుస్తాది. మీ ఆయన పాలపళ్ళన్నీ నానే ఇసిరినాను. ఒక్కటైనా మొలవకుండా ఉన్నాదేటి?"

"అత్తయ్యా! దానికి పెళ్ళీడు వచ్చినాది!"

"అయితే కొంచెం లేటుగా మొలుస్తాది."

దానమ్మ చిన్నప్పటినుంచీ ఎండుచేపల మీద వాలే కాకుల్ని రాళ్ళతో కొట్టిన మనిషి. వయసు మళ్ళినా చెయ్యి మళ్ళలేదు. ఆమె విసిరిన పన్ను సొంత ఇంటిని దాటిపోయి, పక్కింటి గున్నమ్మ మేడ మీద పడింది. ఆ మేడ మీద ఈ మూలనుంచి ఆ మూలదాకా నెత్తళ్ళు ఎండబోసి ఉన్నాయి. వేలెడంత తెల్లటి చేపలు, పన్ను రంగులోనే.

సంగతి విని గున్నమ్మ గుండె బాదుకుంది. "ఓలమ్మ ఓలమ్మ! రేపు సంతలో ఎవుడైనా నా సేపలో పన్ను కొరికితే నా యాపారం ఏటవుతాది?" అంటూ అందరికంటే ముందు ఆమే మెట్లెక్కింది. మొగుడు నూకయ్య, లీలారాణి, మూతికి తువ్వాలుతో సత్యానందం వెనకాలే ఎక్కారు. బేబీ ఇంటర్వ్యూ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చేపల మధ్య కూర్చుంది. నూకయ్య గవ్వముక్క చూపించి "ఇదేటి?" అన్నాడు. కాదు. సున్నం పెచ్చు చూపించాడు. కాదు. చేప తలకాయ చూపించాడు.

"అది సేప తల నూకయ్యా!" అంది లీలారాణి.

"పన్ను లోపలికి ఎల్లిపోనాదేమోనని సూపించినాను ఒదినా."

చివరికి గున్నమ్మకే దొరికింది. "ఇదిగో! ఓలి ఒదినా, నీ కూతురి పన్ను ఇంత పచ్చగా ఉన్నాదేటి?"

"ఎండలో పడున్నాది కదా, రంగు తిరిగిపోనాది," అంది లీలారాణి, కూతురి పరువు కాపాడుతూ. గున్నమ్మ దాన్ని కొంగుతో తుడవబోతుంటే మేడంతా ఒక్కటే కేక వేసింది. పన్ను క్షేమంగా పాలల్లో పడింది.

బస్సు కోసం చూసే సమయం లేదు. నూకయ్య తన చేపల ఆటో తీశాడు. గంపలు దింపాడు గానీ వాసన దింపడం ఎవరి తరం? ఒంట్లోకి బలం రావాలని దానమ్మ దారిలో మనవరాలికి గ్లాసు అందించింది. "ఈ పాలు తాగమ్మా, వాడిపోనావు." బేబీ ఏడుపు ధ్యాసలో గ్లాసు పెదవిదాకా తీసుకెళ్ళింది. సత్యానందం "ఊఁ! ఊఁ!" అంటూ చటుక్కున లాక్కుని, శ్రీకాకుళం వచ్చేదాకా దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మూతి దగ్గర తువ్వాలు జారకుండా గడ్డంతో అదిమిపట్టాడు. లీలారాణి మాత్రం దారి పొడుగునా ఆయన్ని తిడుతూనే ఉంది.

డాక్టరు బేబీ నోరు చూసింది, ఎక్స్‌రే తీసింది, గ్లాసులో పన్నుని చూసింది. మళ్ళీ నోరు చూసింది.

"ఈ పన్ను ఈ అమ్మాయిది కాదు."

"కాదా!"

"ఈమె పన్ను ఎక్కడికీ పోలేదు. దెబ్బకి చిగుళ్ళలోకి దూరిపోయింది, అంతే. కిందికి లాగి పక్క పళ్ళకి తీగతో కడతాను. ఇది పెద్ద వయసువాళ్ళది. బాగా అరిగింది, టీ మరకలు కూడా ఉన్నాయి."

అందరూ దానమ్మ వైపు తిరిగారు. "నాకున్నవి రెండే. రెండూ ఉన్నాయి, సూసుకోండి," అని ఆమె నోరు తెరిచి చూపించింది. అప్పుడు లీలారాణి మెల్లగా భర్త వైపు చూసింది. తలుపు దెబ్బ తగిలిన దగ్గర్నుంచీ ఆయన "ఊఁ" తప్ప ఒక్క మాటా మాట్లాడలేదన్న సంగతి ఆమెకు అప్పుడు అసలు రంగులో కనిపించింది.

"ఏటండీ, ఒకసారి ఆ తువ్వాలు తియ్యండి."

తీశాడు. పై పెదవి వాచి ఉంది. దాని కింద పెద్ద ఖాళీ.

"మింగీసినాననుకున్నాను," అన్నాడు సత్యానందం.

"మరి సెప్పరేటి!"

"సెప్తే మీరంతా నా సుట్టూ మూగుతారు. అమ్మాయికి టైము పోతాది. నాకేటి ఇంటర్వ్యూ ఉన్నాది గనక?"

లీలారాణికి ఏడుపొచ్చింది. దారిలో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి ఇంకా ఏడుపొచ్చింది. దానమ్మ మాత్రం "నా కొడుకు పన్ను నా సేత్తోనే ఇసిరినాను, సూసినారా?" అని గర్వపడింది.

"ఊడిన పన్నుకి ఆలస్యం పనికిరాదు. లోపలికి దూరింది కాస్త ఆగుతుంది. కానీ నాకున్నది ఒక్క కుర్చీ," అంది డాక్టరు గడియారం చూస్తూ.

"ముందు అమ్మాయికి!" అన్నాడు సత్యానందం.

బేబీ కూడా గడియారం చూసింది. భోగాపురం గుర్తొచ్చింది, ఎరువుల కొట్టూ గుర్తొచ్చింది. తండ్రి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "నోరు తెరువు నాన్నా," అంది. ఆ ఇంట్లో ఎవరైనా సత్యానందాన్ని నోరు తెరవమని అడగడం అదే మొదటిసారి.

నాన్న పన్ను మళ్ళీ పెట్టాక తన పన్ను కట్టించుకుని బేబీ భోగాపురం చేరేసరికి లోపలికి పిలవాల్సినవాళ్ళందరూ అయిపోయారు. బతిమాలితే చివర్న పిలిచారు. పళ్ళకి తీగ, వాచిన మూతి, చీరంతా నెత్తళ్ళ వాసన. అధికారులు ముగ్గురూ కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"ఒకసారి నవ్వండి," అన్నాడు మధ్యలో ఆయన. మత్తు ఇంకా దిగలేదు. పెదవి ఒక పక్క లేచింది, రెండో పక్క లేవలేదు. ఇక దాచి లాభం లేదనుకుని, బేబీ జరిగిందంతా పొల్లుపోకుండా చెప్పేసింది. నవ్వింది ఆమె కాదు, అధికారులే. ఒకాయనైతే కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అంతా విన్నాక "మళ్ళీ ఫోను చేస్తాం" అన్నారు. అంటే చెయ్యరన్నమాటే అనుకుంది బేబీ. మర్నాడు ఎరువుల కొట్టుకి వెళ్ళి తుమ్ముతూ కూర్చుంది.

వాళ్ళు నిజంగానే చేశారు. చిరునవ్వు కౌంటరు ఇంకో అమ్మాయికి ఇచ్చేశారట. పోయిన వస్తువు ఎవరి మేడ మీద పడినా వెతికి పట్టుకుని, పాడవకుండా అసలు యజమానికే చేర్చే మనిషి మాత్రం తమకు అవసరమట. అందుకని ప్రయాణంలో సామాను పోగొట్టుకున్నవాళ్ళు వచ్చే కౌంటరులో బేబీకి ఉద్యోగం ఇచ్చారు.

చేరిన రోజే ఆమెకు ఆ సీటు మొదటి రూలు చెప్పారు: పెట్టె పోయినవాళ్ళ ముందు పొరపాటున కూడా నవ్వకూడదు.