మన్సూర్ సాబ్ మాయమైన ఇరవై రోజులు

"ఈ బహ్రెయిన్ల నేరం చేసినోడు నా నుంచి తప్పించుకోవాలంటే సముద్రంల దుంకాలె. నాకు ఈత రాదు గాబట్టి, వానికి అదొక్కటే తొవ్వ" అని ప్రకటించాడు లింగన్న.

లింగన్నది జగిత్యాల వైపు. మనామాలో ఒక ఫర్నిచర్ షాపుకు వాచ్‌మన్. డ్యూటీ దిగాక డిటెక్టివ్. నేను గిడియోన్‌ని, అతని రూమ్మేటుని. నేను నడిపే లాండ్రీ వ్యాను పుణ్యమా అని అతని ప్రతి కేసులోనూ అసిస్టెంటుని కూడా.

2004 జూలైలో వహీద్ భాయ్ మమ్మల్ని పిలిపించాడు. హైదరాబాద్ మనిషి. బొమ్మలకు ఫ్రేములు కట్టి అమ్ముతాడు.

"మన్సూర్ సాబ్ నుంచి ఇరవై రోజులైంది భాయ్, ఉలుకు లేదు పలుకు లేదు" అన్నాడు.

మన్సూర్ సాబ్ బుదైయాలో విల్లా ఉన్న షావుకారు. పన్నెండేళ్లుగా వహీద్ దగ్గర బొమ్మలు కొంటున్నాడు. కొన్నదానికన్నా చాయ్ తాగుతూ వాదించిందే ఎక్కువ. ఏటా ఎండలకు యూరప్ వెళ్తాడు. ఏ మ్యూజియంలో ఏం చూశాడో దిగిన ప్రతి హోటల్ నుంచీ ఫ్యాక్స్ చేస్తాడు.

"పోయేముందు ఒంటె బొమ్మ కొని చూపెట్టిండు. ఇది ఒంటె కాదు సాబ్, మెడ సాగిన గాడిద అన్న. చాయ్ సగంల ఇడిసి పోయిండు. దోస్తీ ఖలాస్ అయిందేమో."

"దోస్తీ కాదు, మనిషే ఖలాస్ అయిండొచ్చు" అన్నాడు లింగన్న. "కిడ్నాప్."

వహీద్ స్టూలు మీద కూలబడ్డాడు. లింగన్న భూతద్దం తీసి గోడ మీది బొమ్మను వాసన చూశాడు.

"దీంట్ల ఆయిల్ ఉన్నది. అంటే దీని ఎనక పెట్రోల్ ముఠా ఉన్నది."

"అది ఆయిల్ పెయింటింగ్, భాయ్."

"ఈ బొమ్మల ఉన్న ఆమె ఎవరు? నన్నే చూస్తున్నది."

"ఎవరో దొరసాని. పాత బొమ్మకు నకలు."

"దొంగ పేరుతోని తిరుగుతున్నదన్న మాట. గిడియోన్, రాసుకో."

నేను రాసుకున్నాను. రాయకపోతే రాత్రి వంట నాతో చేయిస్తాడు.

"దొరికింది క్లూ," అని నేల మీద మెరుస్తున్న మరక వైపు అతను అడుగు ముందుకేశాడు.

"క్లూ కాదు భాయ్, గ్లూ. ఫ్రేములకు పూస్తం."

అప్పటికే చెప్పు అంటుకుపోయింది. కాలు లాగాడు. కాలొచ్చింది గానీ చెప్పు రాలేదు. వెళ్లి ఫ్యాక్స్ బల్లకు ఆనించిన నిలువెత్తు బొమ్మ మీద పడ్డాడు. బొమ్మ పక్కకు ఒరిగింది. దాని వెనక, బల్ల కింద, కాగితాల కుప్ప. వచ్చిన ఫ్యాక్సులన్నీ బల్ల మీంచి అటే జారిపోయాయి. ఫ్రేములు కోసే రంపం మోతలో వహీద్‌కు మెషీన్ చప్పుడు వినబడనే లేదు.

మొత్తం పదకొండు. వహీద్ మొదటిది చదివాడు. "నువ్వన్నదే నిజం. అది గాడిదే." చివరిది రెండుసార్లు చదివాడు. "ఒక్కదానికీ జవాబు లేదు. నా మీద కోపమా? నువ్వు కాదనకపోతే ఏ బొమ్మ బాగుందో నాకు తెలియడం లేదు. వియన్నాలో ఈ హోటల్లోనే ఉంటాను."

కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. అవతల గొంతు వినగానే ఐదు నిమిషాలు ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకున్నారు. ఆరో నిమిషంలో వహీద్ గొంతు పెంచాడు. "కొనకండి సాబ్. ఆ బొమ్మల ఆకాశం ఏ రంగుల ఉన్నదో ముందు చెప్పండి. పచ్చగనా? ఆ దుకాణంలకెళ్లి బయటికి రండి." తిడుతూనే చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

లింగన్న నా చేతిలోని పుస్తకం లాక్కుని, ఒంటి చెప్పుతో నిలబడి, తనే రాశాడు: "కిడ్నాపర్లు భయపడి విడిచిపెట్టిరి. ఫిర్యాదుదారుడు ఏడ్చుచున్నాడు. కారణం దర్యాప్తులో ఉన్నది."