ముందస్తు అనుభవం

“ఇకపై చదువంతా ఆరుబయటే!” అని విద్యామంత్రిగారు తలుపులన్నీ మూసిన ఏసీ హాల్లో ప్రకటించారు. ప్రతి బడిపిల్లా వాగునూ పిట్టగూటినీ కళ్ళారా చూడాలన్నారు. పేపర్లో ఆ వార్త చదివి సైన్సు టీచరమ్మ పొంగిపోయింది. పదిహేనేళ్ళుగా కప్ప జీవితచక్రాన్ని ఆవిడ సుద్దముక్కతోనే నెట్టుకొస్తోంది. పిల్లలకి ఒక్కసారైనా బతికున్న తోకకప్పని చూపించాలని ఆవిడ కోరిక.

వారంలో సర్క్యులర్ వచ్చింది. బస్సు మంజూరు కావాలంటే, యాత్రలో పిల్లలు పొందిన అనుభవాన్ని ముందుగా రాయించి పంపాలి.

“వెళ్ళకముందే అనుభవం ఎలా రాస్తారండీ?” అని టీచరమ్మ ఫోన్ చేసింది.

“ఏం పొందుతారో తెలీకుండా బస్సెలా ఇస్తామమ్మా?” అన్నారు విద్యాధికారిగారు. అంత ముందుచూపు అందరికీ అబ్బదు.

టీచరమ్మ రాయించింది. నలభై ఒక్కమంది వాగు గలగలలు విన్నారు, తోకకప్పల్ని లెక్కపెట్టారు. ఇద్దరైతే జారిపడి మోకాళ్ళు కూడా గీరుకున్నారు. రెండో బెంచీ పెంకిపిల్ల మాత్రం ఒకే ముక్క రాసింది: “నేనింకా వాగు చూడలేదు.”

అధికారిగారు అన్నీ శ్రద్ధగా దిద్దారు.

“బ్రహ్మాండం! నలభై ఒక్కమందికి అనుభవం వచ్చేసింది, ఇక వాళ్ళకి బస్సు దండగ. ఆ పెంకిపిల్ల ఒక్కతే ఫెయిల్. దాన్ని వాగుకి తీసుకెళ్ళి పాస్ చేయించండి.”

టీచరమ్మకి ఏడుపొక్కటే తక్కువ. క్లాసంతా పెంకిపిల్లని చూసి కుళ్ళుకుంది.

“టీచర్, మేమూ ఫెయిలవుతాం,” అంది ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్ల.

“ఉన్నదున్నట్టు రాయండి, చాలు,” అంది టీచరమ్మ.

ముందు పంపినవి చిత్తుప్రతులండీ అని విన్నవించుకుని ఆవిడ కొత్త కాగితాలు పంపింది. నలభై రెండింట్లోనూ “నేనింకా వాగు చూడలేదు.”

ఇక బస్సు రావడమే తరువాయి. పిల్లలు టోపీలు, నీళ్ళసీసాలు, మూతలకి చిల్లులు పొడిచిన జాడీలు తెచ్చుకుని గేటు దగ్గర నిలబడ్డారు. జీపొచ్చి ఆగింది. అధికారిగారు కందగడ్డలాంటి ముఖంతో దిగారు.

“నలభై రెండుమందీ ఒకటే వాక్యమా? అక్షరం పొల్లుపోకుండా! ఇది మాస్ కాపీయింగ్ కాదూ?”

“వాళ్ళెవరూ నిజంగానే చూడలేదండీ!”

“అయితే ఎవరి మటుకు వాళ్ళు వేరేగా చూడకుండా ఉండాలి కదమ్మా!”

అక్కడికక్కడే మళ్ళీ పరీక్ష. జాడీలు స్వాధీనం చేసుకున్నారు. బెంచీకొకర్ని కూర్చోబెట్టారు. బోర్డు మీద ప్రశ్న రాశారు: ‘మీరు చూసిన వాగును వర్ణింపుము.’ అప్పుడు అధికారిగారి చూపు కిటికీ మీద పడింది. అవతల చెట్టు మీద పిట్టొకటి ముక్కుతో పుల్ల పట్టుకుని గూడు కట్టుకుంటోంది.

“ఆ కిటికీలు మూసెయ్యండమ్మా,” అన్నారాయన. “బయటి సాయం అందకూడదు.”

టీచరమ్మ మూసింది. పెంకిపిల్ల మూసిన కిటికీ వైపు ఓసారి చూసి, తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది: “వాగు గలగలా పారుతోంది...”