జక్రయ్య నికర తూకం

తన బరువెంతో తనకు తెలుసని మనిషి అనుకోవడం వట్టి భ్రమ. బరువు ఒంట్లో ఉండదు, స్లిప్పులో ఉంటుంది. ఈ సత్యం జిల్లాలో అందరికంటే ముందు తెలిసినవాడు జక్రయ్య. మార్టూరు అవతల ఒక మిరపకాయల కొనుగోలు కేంద్రంలో ఇరవై రెండేళ్లు కాటా గుమాస్తాగా కూర్చుని, రైతుల బస్తాలకు అసలు బరువెంతో రాసి ఇచ్చినవాడు. (రైతు ఇంటి దగ్గర తూచుకొచ్చిన బరువు వేరే ఉంటుంది. అది ఆయన సొంత అభిప్రాయం.)

అంతటి జక్రయ్యకు చివరికి తన ఒంటికే స్లిప్పు కావలసి వచ్చింది, పాపం.

యాభై నిండకుండానే మోకాళ్లు అరిగాయి, సుగర్ వచ్చింది. ఆ తర్వాత కునుకు పడితే చాలు ఊపిరి ఆగడం మొదలైంది. ఆదివారం చర్చిలో ప్రసంగం సగంలో ఉండగా జక్రయ్య గురక మొదలయ్యేది. అది ఉన్నట్టుండి ఆగిపోతే పాస్టరుగారు కూడా వాక్యం ఆపేసి, మళ్లీ వినపడేదాకా కళ్లు మూసుకుని నిలబడేవారు. పక్కనున్న భార్య ఎలీసమ్మ మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే ఊపిరి తిరిగొచ్చేది. ఆ మోచెయ్యి అందని చోట కన్ను మూయడమే మానేశాడాయన.

డాక్టర్ హేమశ్రీ మొహమాటపడలేదు.

"ఇక పథ్యాలతో అయ్యే పని కాదండీ. ఆపరేషన్ చేయాల్సిందే. ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు ఆగిన ఊపిరి తిరిగి రాదు."

మార్గాలు రెండున్నాయన్నారు. ఒకటి, పొట్టను నిలువునా కత్తిరించి అరటికాయంత మిగల్చడం. రెండోది, పొట్టను చిన్న సంచిగా చేసి, తిన్నది పేగులో కొంత దూరం తగలకుండా పోయేలా దారి మళ్లించడం. రెంటికీ ముందు ఇంకో మార్గం దాటాలని, దాని పేరు కమిటీ అని ఆవిడ చెప్పలేదు. రోగిని ఒకేసారి భయపెట్టకూడదు కదా!

స్థూలకాయ శస్త్రచికిత్సార్హతా నిర్ధారణ కమిటీకి పర్యవేక్షణాధికారి చైతన్యకృష్ణగారు. నియమాలు బహు తేలిక. దరఖాస్తుదారు ఆరు నెలలు పథ్యం చేయాలి. బరువు తగ్గితే ఆపరేషన్ అక్కర్లేదు. తగ్గకపోతే మనసు పెట్టి చేయలేదని అర్థం, కాబట్టి మళ్లీ ఆరు నెలలు. జక్రయ్య ఏడాదిపాటు రాగిజావ తాగి, రెండు కిలోలు తగ్గి, అవే రెండు కిలోలు తిరిగి పెరిగాడు. కమిటీ దాన్ని నిజాయితీ గల ప్రయత్నంగా గుర్తించింది.

ఇక మిగిలింది తూకం. ఆయన ఎత్తుకు నూట ఇరవై రెండున్నర కిలోలుంటే అర్హత. ఆస్పత్రి కాటా సూది మాత్రం నూట ఇరవై దగ్గర ఆగి, ఆపైన అడుగు వెయ్యనని భీష్మించుకుంది. (ఊబకాయుల కోసం ప్రత్యేకంగా తెరిచిన విభాగం అది.)

"కంటికి కనపడుతూనే ఉన్నాను కదండీ," అన్నాడు జక్రయ్య.

"మీరు కనపడితే చాలదండీ, కాగితం కనపడాలి," అన్నారు చైతన్యకృష్ణగారు. "తూనికల శాఖ ముద్ర ఉన్న కాటా మీద వేయించుకు రండి. ఒకసారి ఏ కాటా ఎక్కితే ఫైలు ముగిసేదాకా అదే కాటా. స్లిప్పులో నికర తూకం ఒక్కటే మేం చూస్తాం."

జక్రయ్య ప్రాణం లేచొచ్చింది. ముద్ర ఉన్న కాటా అంటే తనదే! ఆ మధ్యాహ్నమే భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. బస్తాలతో వరసలో ఉన్న రోశయ్య అనే రైతు జరిగి దారిచ్చాడు. జక్రయ్య దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడా కుర్చీలో కూర్చున్న కోటేష్ లేచి నమస్కారం పెట్టి, గురువుగారిని చెయ్యి పట్టుకుని కాటా ఎక్కించాడు. నూట ఇరవై ఆరు! ఎలీసమ్మ "స్తోత్రం" అంది. భర్త బరువు చూసి దేవుడికి స్తోత్రం చెప్పడం ఆవిడకు అదే మొదటిసారి.

స్లిప్పు బయటికొచ్చింది. మొత్తం నూట ఇరవై ఆరు. బస్తాలు మూడు. తరుగు నాలుగున్నర. నికరం నూట ఇరవై ఒకటిన్నర.

"ఒరేయ్ కోటేషూ, బస్తాలు మూడేంట్రా? నేనొక్కణ్ణే గదా!"

"నలభై రెండు కిలోల లెక్కన మూడే వస్తాయి గురువుగారూ. బస్తాకి గోతం కింద కిలో, మచ్చు కింద అరకిలో."

"నా ఒంటికి గోతం ఎక్కడుందిరా?"

"చొక్కా ఉందిగా అండీ."

"మరి మచ్చుకని నాలోంచి ఏం తీశావురా సన్నాసీ?"

"ఏం తియ్యలేదండీ. రాశానంతే."

"కొట్టెయ్ దాన్ని!"

"ఎట్టా కొట్టెయ్యనండీ? రైతులు బతిమాలితే గుమాస్తా మెత్తబడతాడని, తరుగు దానంతటదే పడేట్టు కంప్యూటర్‌కి తాళం వేయించింది మీరేగా."

నిజమే. ఆ తాళానికి జక్రయ్యకు శాలువా కప్పారు. ఫొటో ఇంకా కాటా వెనక గోడకే ఉంది.

కమిటీ స్లిప్పు చూసి విచారించింది. కిలో తక్కువ. సోమవారంలోగా పెంచుకు రమ్మని, అయితే పథ్యం మాత్రం తప్పవద్దని, బరువు తగ్గించే విభాగం రాతపూర్వకంగా ఆదేశించింది.

జక్రయ్యకు దారి తెలుసు. కాయల మీద నీళ్లు చల్లుకొచ్చిన రైతుల్ని ఇరవై రెండేళ్లు పట్టుకున్నవాడాయె. సోమవారం పొద్దున్నే రెండు లీటర్ల నీళ్లు తాగి, ఎండలో కాటా దాకా నడిచి వెళ్లాడు. నూట ఇరవై ఎనిమిది! కానీ చొక్కా చెమటతో ముద్దయిపోయింది. కోటేష్ రెండు వేళ్లతో కాలరు నలిపి చూశాడు. తర్వాత తేమ మీటరు తెచ్చి చంకలో పెట్టాడు.

"తడి సరుకు గురువుగారూ. ఇంకో మూడు కిలోలు పోద్ది."

"ఒరేయ్, నా ప్రాణం పోద్దిరా!"

కోటేష్ నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే రాశాడు. అలా రాయడం కూడా జక్రయ్య దగ్గర నేర్చుకున్నదే. నికరం నూట ఇరవైన్నర.

నాలుగో రోజు కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. 'దరఖాస్తుదారు రెండు తూకాల నడుమ ఒక కిలో తగ్గినట్టు నిర్ధారణ అయినది. శస్త్రచికిత్స లేకుండానే సాధించిన ఈ ప్రగతికి అభినందనలు. ఫైలు మూసివేయడమైనది.' విజయగాథల బోర్డుకు పాస్‌పోర్టు సైజు ఫొటోలు రెండు పంపమన్నారు.

ఎలీసమ్మ ఆ ఉత్తరం పట్టుకుని, భర్తను లాక్కుంటూ కాటా దగ్గరికే వచ్చింది. ఆ రోజు కూడా రోశయ్య బస్తాలు వరసలో ఉన్నాయి. జక్రయ్య ఆయాసంతో తన పాత బల్ల మీద కూలబడ్డాడు.

"మనిషి ఎదురుగా ఇంతున్నాడు గదయ్యా కోటేషూ! కాటా మీదున్న కిలోలు కాగితంలోకి రాకుండా ఎక్కడికి పోయినయ్యి?" అని నిలదీసింది ఎలీసమ్మ.

"నేనూ ఇరవై రెండేళ్లుగా అదే అడుగుతున్నానమ్మా," అన్నాడు రోశయ్య.

అంతలో బల్ల మీద గురక మొదలైంది, మొదలైనట్టే ఆగింది. ఎలీసమ్మ ఉత్తరం పారేసి మోచేత్తో పొడిచింది. కదల్లేదు. మళ్లీ పొడిచింది. రోశయ్య బస్తా వదిలేసి పరిగెత్తుకొచ్చి భుజాలు పట్టి కుదిపాడు. మూడో పోటుకు జక్రయ్య ఒక్క ఉదుటున గాలి పీల్చుకుని కళ్లు తెరిచాడు.

"జక్రయ్యా, ఎక్కడికి పోయావయ్యా!" అన్నాడు రోశయ్య.

కాటా, పాత బల్ల, ఎదురుగా రోశయ్య. జక్రయ్య అలవాటు కొద్దీ బదులు చెప్పాడు.

"తరుగులో పోయింది. పక్కకి జరుగు, తర్వాతి బస్తా రానీ."